సముద్రానికి తాళం పడ్డ రోజు

1941 డిసెంబరు 8. సోమవారం.

హవాయిలోని ఒవాహు దీవి. పడమటి తీరంలో నీళ్ళు నెమ్మదిగా తెల్లబడుతున్నాయి. సాంపాన్ పడవలు రేవు దారి పట్టాయి. చెక్క పడవలు. అడుగున ఐసు. ఐసులో ట్యూనా చేపలు. పడవల మీద ఉన్నవాళ్ళ ఒంటి నిండా ఉప్పు పేరుకుంది, గాలం కర్రలు పట్టీ పట్టీ అరచేతులు కాయలు కాశాయి, రోజుల తరబడి నీళ్ళ మీదే ఉండి ఇంటి అన్నం కోసం మొహం వాచి ఉన్నారు. కొన్ని పడవల్లో రేడియో లేదు. అందుకే వాళ్ళకి ఒక సంగతి తెలీదు.

నిన్న పొద్దున 7 గంటల 55 నిమిషాలకి పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. వేసింది జపాన్. ఈ పడవల్లో ఉన్నది జపాన్ నుంచి వలసొచ్చినవాళ్ళు, వాళ్ళ కొడుకులు. కొడుకుల్లో చాలామంది హవాయిలోనే పుట్టారు. అమెరికా పౌరులు. కానీ ఆకాశం లోంచి చూస్తే పౌరసత్వం కనిపించదు.

చప్పుడు వినబడింది. తలెత్తారు. రెక్కల మీద అమెరికా గుర్తు. మనవే. ఊపిరి పీల్చుకుని ఉంటారు, చెయ్యి ఊపినా ఊపి ఉంటారు. విమానాలు కిందికి దిగాయి. ఇంకా కిందికి.

తుపాకులు మోగాయి.

చెక్కలు చిట్లాయి. ఐసు ఎర్రబడింది. కొందరు పడవ మీదే ప్రాణాలొదిలారు. బతికినవాళ్ళు రేవు చేరారు, తాళ్ళు గుంజకి కట్టేశారు. మళ్ళీ ఎప్పుడు విప్పుతారో చెప్పినవాళ్ళు లేరు.

అప్పటికే దీవులన్నీ సైన్యం చేతిలో ఉన్నాయి. ఆదివారం సాయంత్రానికల్లా గవర్నర్ జోసెఫ్ పాయిండెక్స్టర్ సైనిక చట్టం ప్రకటించేశాడు. చీకటి పడితే ఇల్లు కదలకూడదు. కిటికీ లోంచి వెలుతురు చుక్క బయటికి రాకూడదు. అద్దాలకి నల్ల రంగు, నల్ల కాగితం. డిసెంబరు ఉక్క లోపలే ఉండిపోయింది. గోడకున్న తాతగారి ఫొటో, పెట్టె అడుగున దాచిన ఉత్తరాలు, జపాన్ జెండా, అన్నీ ఒక్కొక్కటిగా పొయ్యిలోకి వెళ్ళాయి. ఎవరు ఎప్పుడు తలుపు తడతారో. హవాయిలో అప్పుడు ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా జపాన్ మూలాల వాళ్ళే. అంతమందినీ శిబిరాలకి పంపితే చెరకు తోటలూ రేవులూ అన్నీ ఆగిపోతాయి. అందుకని కొందరినే పట్టుకెళ్ళారు. మిగతావాళ్ళని ఇళ్ళల్లోనే వదిలేసి, వాళ్ళకీ సముద్రానికీ మధ్య గీత గీశారు.

జపాన్ సంతతి వాళ్ళు చేపల వేటకి వెళ్ళకూడదు. అదీ ఆజ్ఞ. సాంపాన్లలో చాలావాటిని సైన్యం తన పనికి తీసుకుంది. దీవుల్లో చేపలు పట్టే చేతుల్లో ఎక్కువ భాగం వాళ్ళవే కదా, మార్కెట్లో బల్లలు ఖాళీ అయ్యాయి. చుట్టూ సముద్రం. కంచంలో చేప లేదు.

అన్నం ఉంది. అన్నం పక్కన పెట్టడానికి ఏదో ఒకటి కావాలి. ఆ ఏదో ఒకటి అప్పటికే ఓడ దిగుతోంది. ఆలివ్ పచ్చ యూనిఫాం వేసుకున్న కుర్రాళ్ళు దాన్ని పెట్టెలకి పెట్టెలు మోసుకొస్తున్నారు, తిట్టుకుంటూ.

ఆ తిట్లకి కారణం తెలియాలంటే నాలుగేళ్ళు వెనక్కి, మంచు కురిసే మిన్నెసోటా దాకా వెళ్ళాలి. ఆస్టిన్ అనే ఊళ్ళో హోర్మెల్ కంపెనీ. అమ్ముడుపోకుండా మిగిలిపోయే పంది భుజం మాంసం. దాన్ని రుబ్బి, కాస్త హామ్, ఉప్పు, పంచదార, నైట్రైట్ కలిపి, డబ్బాలో కూరి, మూతేసి, డబ్బాలోనే ఉడికించారు. ఐసు అక్కర్లేదు. ఏళ్ళ తరబడి చెడదు. పేరు కోసం పోటీ పెడితే ఒక నటుడు నాలుగక్షరాల ఇంగ్లీషు మాట చెప్పి 100 డాలర్లు గెలుచుకున్నాడు. 1937 జులైలో స్పామ్ బజారులోకొచ్చింది. యుద్ధం వచ్చేసరికి సైన్యానికి సరిగ్గా ఇలాంటిదే కావాలి. 10 కోట్ల పౌండ్లకి పైగా మాంసం అలా డబ్బాల్లో సముద్రాలు దాటింది. పొద్దున అదే. మధ్యాహ్నం అదే. రాత్రి అదే. సైనికులకి మొహం మొత్తింది. ఇంకో కంపెనీ మాంసం పెట్టినా స్పామ్ అనే తిట్టారు. కంపెనీ యజమాని జే హోర్మెల్‌కి బూతుల ఉత్తరాలొచ్చాయి. ఆయన వాటిని పారెయ్యలేదు. ఫైలు కట్టి దాచుకున్నాడు.

ఆ కుర్రాళ్ళు విసుక్కున్న డబ్బాని హవాయి వంటింట్లో ఒక అమ్మ చేతిలోకి తీసుకుంది.

నల్ల కాగితం అంటించిన కిటికీ కింద, చిన్న వెలుగులో, మూత తీసే తాళంచెవిని మెల్లగా తిప్పుతుంటే రేకు చుట్ట చుట్టుకుంటూ ఊడొచ్చి, జిగురు నీళ్ళలో మెరుస్తూ గులాబీ రంగు ముద్ద పళ్ళెంలోకి చప్పున జారింది. వాసన చూసింది. ఉప్పగా ఉంది. మరీ ఉప్పగా. ఉత్తదే తింటే నాలుక మండుతుంది. అన్నంతో తింటే?

అన్నానికి ఉప్పటిది తోడు కావడం ఆవిడకి కొత్త కాదు. 1885 ఫిబ్రవరిలో సిటీ ఆఫ్ టోకియో అనే ఓడ 900 మందికి పైగా కూలీలని హొనొలులులో దింపింది. చెరకు నరకడానికొచ్చారు. రెండు మూడు గిన్నెల రేకు క్యారియరులో మధ్యాహ్నం తిండి తెచ్చుకునేవాళ్ళు. అందులో అన్నం ముద్ద. ముద్ద మధ్యలో ఊరేసిన పుల్లటి పండు, లేదా ఉప్పు చేప ముక్క. ఆ ముద్దే ముసుబి. కడుక్కోవడానికి నీళ్ళు లేకపోయినా, ముళ్ళ ఆకు చేతులు చీరేసినా, చెరకు గట్టు మీద కూచుని నాలుగు నిమిషాల్లో మింగి మళ్ళీ కత్తి పట్టుకోవచ్చు. ఇప్పుడా ఉప్పు చేప లేదు. డబ్బా ఉంది.

ఉప్పు చేప బదులు ఈ మాంసం పెట్టిన ముద్ద, స్పామ్ ముసుబి, ఆ రాత్రే పుట్టిందని చెబితే కథ బాగుంటుంది. కానీ పుట్టలేదు. అమెరికా ప్రధాన భూభాగంలో జపాన్ వాళ్ళని పెట్టిన శిబిరాల్లో పుట్టిందన్న ప్రచారం కూడా ఉంది. దానికి గట్టి ఆధారం కనబడదు. ఆ రాత్రి జరిగింది చిన్న పని. అన్నం పక్కన ఆ మాంసం కూచుంది. 1944 అక్టోబరులో సైనిక చట్టం ఎత్తేశారు. తర్వాతి ఏడు యుద్ధం ముగిసింది. పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాయి. చేపలొచ్చాయి.

డబ్బా మాత్రం అలమర దిగలేదు. అది దిగకపోవడమే మంచిదైంది.

1949 మే 1. హొనొలులు రేవు. ఉదయం గాలిలో తారు వాసన, కుళ్ళిన పళ్ళ వాసన. క్రేన్లు కదలడం లేదు. హవాయి రేవు కూలీకి గంటకి 1.40 డాలర్లు. అదే పని చేసే అమెరికా పశ్చిమ తీరపు కూలీకి 1.82. ఆ తేడా ఎందుకని సుమారు 2,000 మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక వారం. ఒక నెల. కొట్లో అరలు ఖాళీ అవుతున్నాయి. ఇల్లాళ్ళు చీపుళ్ళు పట్టుకుని రోడ్డెక్కారు, సమ్మె మానమని. కూలీలు మానలేదు. ఎండ ముదిరింది. వానలొచ్చాయి. దాదాపు ఆరు నెలలు ఓడ సరుకు సరిగ్గా దిగలేదు. హవాయి ఇల్లాలికి అప్పుడొక అలవాటు పట్టుకుంది. ఓడ ఆగుతుందన్న మాట చెవిన పడితే చాలు, ముందు బియ్యం బస్తా, తర్వాత స్పామ్. లెక్కబెట్టి మరీ అలమరలో పేర్చాలి.

అన్నం సిద్ధం. మాంసం సిద్ధం. ఆ రెండిటినీ కట్టి ఉంచే మూడోది మాత్రం అదే సమయంలో జపాన్ తీరంలో చచ్చిపోతోంది.

నోరి. కాగితంలా పల్చగా ఎండబెట్టే సముద్రపు నాచు. యుద్ధం తర్వాతి ఏళ్ళలో జపాన్ నోరి పంట కుప్పకూలింది. రైతులు వలలు కట్టారు. ఎదురుచూశారు. వలలు ఖాళీగా పైకొచ్చాయి. అసలు విత్తనం ఎక్కణ్ణుంచి వస్తుందో వందల ఏళ్ళుగా ఎవరికీ తెలీదు. చలికాలంలో కనబడుతుంది, ఎండాకాలంలో మాయమవుతుంది. ఎక్కడికి పోతోంది?

జవాబు ఇంగ్లండులో, మాంచెస్టర్‌లో ఉంది. కాథ్లీన్ డ్రూ-బేకర్ అనే వృక్షశాస్త్రవేత్త. పెళ్ళయిన ఆడవాళ్ళని అప్పట్లో విశ్వవిద్యాలయం ఉద్యోగంలో ఉంచుకునేది కాదు, కాబట్టి ఆవిడ పెళ్ళి చేసుకోగానే జీతం పోయింది. ఆవిడ పని వదల్లేదు. ముసురు పట్టిన ఊళ్ళో, సముద్రపు నీళ్ళు పోసిన తొట్టెల ముందు, బ్రిటన్ తీరంలో దొరికే నోరి జాతి నాచుని పెంచుతూ కూచుంది. తొట్టెలో గవ్వలు వేసింది. గవ్వల మీద గులాబీ మచ్చలు తేలాయి. ఆ మచ్చ వేరే మొక్క అనుకుని శాస్త్రజ్ఞులు దానికి ఎప్పుడో వేరే పేరు పెట్టేశారు. ఆవిడ భూతద్దం దించి మళ్ళీ చూసింది. వేరే మొక్క కాదు. ఎండాకాలంలో మాయమయ్యే నాచు గవ్వలో దూరి తలదాచుకుంటోంది. అది దాని బాల్యం.

1949లో నేచర్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. జపాన్‌లో క్యూషూ విశ్వవిద్యాలయానికి చెందిన సోకిచి సెగావా ఆ దారి పట్టుకున్నాడు. గవ్వల్లో విత్తనం పెంచి వలలకి ఎక్కించడం రైతులు నేర్చుకున్నారు. పంట తిరిగొచ్చింది. ఎంతగా తిరిగొచ్చిందంటే ఉతో అనే ఊరివాళ్ళు ఆవిడకి సముద్రం ఒడ్డున స్మారకం కట్టి ఏటా ఏప్రిల్ 14న పూజ చేస్తున్నారు. ఆవిడ జపాన్ గడ్డ మీద అడుగు పెట్టనే లేదు. 1957లోనే పోయారు.

ఇక మూడూ ఒక చేతిలోకి రావాలి.

1980ల మొదట్లో, కవాయి దీవి. లిహుయె ఊళ్ళో కుకుయి గ్రోవ్ అనే షాపింగ్ సెంటర్. అందులో జోనీ-హనా అనే చిన్న హోటలు. నడిపేవాళ్ళలో ఒకరు బార్బరా ఫునమురా. పొద్దున్నే కౌంటరు దగ్గర తొందర. పనికెళ్ళేవాళ్ళు, బడికెళ్ళే పిల్లలు, చేపలవేటకెళ్ళే ముసలాళ్ళు. కూచుని తినే తీరిక లేదు. చేత్తో పట్టుకెళ్ళేది కావాలి.

ఆ పొయ్యి దగ్గరికి వద్దాం.

ముందు బియ్యం. కాలిఫోర్నియాలో పండే కాల్‌రోజ్ రకం, వండితే గింజకి గింజ అతుక్కునేది. కడుగు తేటగా అయ్యేదాకా కడగాలి. వండాక మూత తియ్యకూడదు. పది నిమిషాలు ఉమ్మగిల్లనివ్వాలి. మూత తీశాక చెక్క గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పాలి, నలపకూడదు. సుషీ అన్నంలా వెనిగర్ కలపరు. కలిపితే అది వేరే వంట.

ఇప్పుడు డబ్బా. 340 గ్రాములు. నిలువుగా కోస్తే ఎనిమిది పలకలు, ఒక్కొక్కటి వేలి మందం. నూనె అక్కర్లేదు. కాలిన పెనం మీద వెయ్యగానే చుయ్యిమంటుంది. తన కొవ్వులో తనే వేగుతుంది. అంచులు ముడుచుకుని గోధుమ రంగుకి తిరుగుతాయి, మధ్యలో గులాబీ మిగులుతుంది. అప్పుడు సోయా సాస్, పంచదార కలిపిన నీళ్ళు పొయ్యాలి. పెనమంతా బుడగలు. పొగ కళ్ళలోకి కొడుతుంది. మంట తగ్గించాలి, అసలు కష్టం ఇప్పుడే. క్షణం ముందు దించితే పలకకి పట్టదు, క్షణం ఆలస్యమైతే పంచదార మాడి చేదెక్కుతుంది, మధ్యలో ఎక్కడో లేత తీగపాకం వచ్చే ఒక్క ఘడియ ఉంటుంది, ఆ ఘడియలోనే పలకని ఇటూ అటూ పొర్లించి పైకి తీసేస్తే అది వార్నిష్ వేసినట్టు మెరుస్తుంది. ఆ ఘడియ కోసం పెనం ముందు నిలబడ్డ మనిషి తలుపు కొట్టినా కదలరు.

మెరుస్తున్న పలక ఒక పక్క. పొగలు కక్కే అన్నం ఇంకో పక్క. చేత్తో ముద్ద కడితే పలక జారిపోతుంది.

ఫునమురా మొదట త్రికోణపు ముద్దగా కట్టేవారట. తర్వాత దీర్ఘచతురస్రపు అచ్చు వచ్చింది. స్పామ్ పలక ఎంతుందో సరిగ్గా అంతే ఉన్న పెట్టె, అడుగు లేదు, పైన నొక్కడానికి ఒక పలక. అచ్చు కొననివాళ్ళు స్పామ్ డబ్బానే రెండు వైపులా తెరిచి వాడుకున్నారు. అచ్చులో అన్నం, గట్టిగా ఒక నొక్కు, పైన మాంసం. అచ్చు పైకి లాగితే నిలబడాలి. నిలబడింది. నోరి పట్టీ కింద నుంచి చుట్టి, అంచుకి ఒక మెతుకు తడిపి అంటించాలి. వేడికి నాచు చర్మంలా ముడుచుకుని పట్టేస్తుంది. ప్లాస్టిక్ కాగితం చుడితే అయిపోయింది. చెంచా అక్కర్లేదు. పళ్ళెం అక్కర్లేదు. కౌంటరు మీద పెట్టారు.

ఖాళీ అయిపోయింది.

ఒవాహులో మాత్రం ఇంకో పేరు వినబడుతుంది. మిత్సుకో కనేషిరో. పిల్లల కోసం ఇంట్లో చేసినవే, హొనొలులులో పెన్సకోలా వీధిలోని సిటీ ఫార్మసీ అనే మందుల షాపులో పెట్టి అమ్మారు. జ్వరం బిళ్ళల పక్కన ముసుబీలు. తర్వాత మిచాన్స్ ముసుబి అని సొంత కొట్టు తెరిచారు. రోజుకి 500 దాకా పోయేవంటారు. మొదట ఎవరు? రెండు దీవులవాళ్ళూ వెనక్కి తగ్గరు. అన్నం, స్పామ్, నోరి మూడూ ప్రతి ఇంటి అలమరలో ముప్ఫై ఏళ్ళుగా పక్కపక్కనే ఉన్నాక, ఇద్దరికీ విడివిడిగా తట్టి ఉంటే అందులో వింత లేదు. అమ్మకానికి పెట్టిన ధైర్యం మాత్రం ఇద్దరిదీ. ఫునమురా 2016లో కన్నుమూసినప్పుడు స్పామ్ ముసుబిని కనిపెట్టిన మనిషిగానే పత్రికలు రాశాయి.

ఆ తర్వాత దాన్ని ఆపినవాళ్ళు లేరు. 7-ఇలెవెన్ కొట్లలో, పెట్రోలు బంకుల్లో, గల్లా పక్కనే వెచ్చటి అద్దాల పెట్టెలో వరసగా కూచుంది. అలల మీదికెళ్ళే కుర్రాడి సంచిలో. బడి బస్సులో. 2008లో, అధ్యక్షుడిగా గెలిచి సెలవులకొచ్చిన ఒబామా గోల్ఫ్ ఆడుతూ అడిగి మరీ తిన్నది ఇదే. హొనొలులులో పుట్టినవాడు, వేరే ఏం అడుగుతాడు? హవాయిలో ఏడాదికి 70 లక్షల స్పామ్ డబ్బాలు తింటారు. పసిపిల్లల్ని కూడా కలిపి లెక్కేస్తే తలకి ఐదు. ఉప్పు ఎక్కువ, కొవ్వు ఎక్కువ, ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. వాళ్ళు చెప్పేది నిజమే. అమ్మకాలు తగ్గలేదు.

2017లో ఇంకో మలుపు. హొనొలులు కొట్లలో మాంసం డబ్బాలు మాయమవుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, పెట్టెలకి పెట్టెలు. దొంగలు పట్టుకెళ్ళి వీధిలో డబ్బు చేసుకుంటున్నారు. కొట్టువాళ్ళు స్పామ్‌ని ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి తాళం వేశారు. సైనికులు బూతులు తిట్టిన డబ్బాకి కాపలా.

2023 ఆగస్టు 8. మావి దీవి. ఎండిన గడ్డి, హోరుగాలి. దక్షిణాన దూరంగా డోరా తుపాను వెళుతోంది. మధ్యాహ్నానికి లహైనా ఊరి మీద నిప్పు విరుచుకుపడింది. కార్లు రోడ్డు మీదే ఆగిపోయాయి. జనం ప్రాణాలు అరచేత పట్టుకుని సముద్రంలోకి దూకారు. వెనక మంట, ముందు అల. 102 మంది చనిపోయారు. 2,000కి పైగా కట్టడాలు బూడిదయ్యాయి. మర్నాటికి వేలమందికి పొయ్యి లేదు, గిన్నె లేదు, నీళ్ళు లేవు.

దీవి అవతలి వైపు, కహులుయిలో, హవాయి విశ్వవిద్యాలయం వారి మావి కాలేజీ వంటశాల తలుపులు తెరుచుకున్నాయి. వంటవాళ్ళు ఎవరూ పిలవకుండానే వచ్చారు. పళ్ళెం లేనివాళ్ళకి, చేతులు కడుక్కునే వీల్లేనివాళ్ళకి ఏ తిండి పనికొస్తుందో ఆ దీవుల్లో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. మిన్నెసోటా నుంచి హోర్మెల్ కంపెనీ పంపడం మొదలుపెట్టి, రెండున్నర లక్షలకి పైగా డబ్బాలు ఉచితంగా ఇచ్చింది.

అవీ ఓడ మీదే రావాలి. హవాయి తినేదాంట్లో 85 నుంచి 90 శాతం ఇవాళ్టికీ బయటి నుంచే వస్తుంది.